ఇంజను మూత దగ్గర

"ఏవండీ, ఒకసారి ఇటొచ్చి వాసన చూస్తారా?"

రోజూ ఇదే మాట. రేవులో మొదటి లాంచీ తాళ్లు ఇంకా విప్పకముందే, జనం మెట్ల మీద నిలబడి ఆవలిస్తుండగా, లాంచీ నడిపే సరంగు, జనంలో నిలబడ్డ ఇస్త్రీ ఆవిడ వైపు తిరిగి ఈ మాట అంటాడు. అనగానే ఆవిడ గుండె గట్టిగా కొట్టుకుంటుంది. నలభై దాటిన మనిషికి ఇదేం చోద్యమని తనను తానే తిట్టుకుంటుంది. తిట్టుకుంటూనే టిఫిన్ డబ్బా మెట్టు మీద పెట్టి, జుట్టు సరిచేసుకుని, అడ్డపలక మీంచి లాంచీలోకి నడుస్తుంది.

అది పెట్రోలు లాంచీ. ఇంజను కాళ్ల కింది చెక్కల అడుగున ఒక ఇరుకు గదిలో ఉంటుంది. ఎంత బిగించినా పెట్రోలు ఎక్కడో ఒకచోట ఊరుతూనే ఉంటుంది. ఊరింది ఆవిరవుతుంది. ఆ ఆవిరి గాలికన్నా బరువు కాబట్టి పైకి లేవదు, నీళ్లలాగా అట్టడుగునే పేరుకుంటుంది. అది తెలియక తాళం తిప్పితే ఒక్క నిప్పురవ్వతో ఇక అంతే సంగతులు, లాంచీ ఎక్కడో జనం ఎక్కడో. అందుకని పొద్దున్నే ముందు ఫ్యాను వేస్తారు. ఫ్యానుకి తగిలించిన లావుపాటి గొట్టం ఇంజను కిందిదాకా దిగి, అడుగునున్న ఆవిరిని లాగి బయటికి ఊదేస్తుంది. ఫ్యాను కాసేపు తిరిగాక మూత ఎత్తి, మోకాళ్ల మీద వంగి, తల లోపలికి పెట్టి వాసన చూడాలి. పెట్రోలు వాసన లేదంటేనే తాళం. అప్పటిదాకా ఒక్క ప్రాణి కూడా లాంచీ ఎక్కకూడదు.

ఆ ఒక్క ప్రాణి లెక్కలో ఆవిడ లేదు. రేవులో ఇంతమంది ఉండగా ఆవిడ ఒక్కతే ఎక్కుతుంది. మొదటిసారి పిలిచినప్పుడు, "ఒకరికన్నా ఇద్దరు చూస్తే మంచిది కదండీ," అన్నాడు. ఆవిడ నమ్మలేదు. పాతికేళ్లుగా లాంచీ నడిపే మనిషికి రెండో ముక్కు ఎందుకు? ఇది వట్టి సాకు అనుకుంది. అనుకున్నప్పట్నుంచీ ఆ సాకు మీద ఆవిడకి చెప్పలేనంత ఇష్టం.

ఆరోజు ఆవిడ తలకి కొత్త నూనె రాసుకుని వచ్చింది. అవతలి గట్టున ఆసుపత్రి బట్టల గదిలో ఆవిడది ఇస్త్రీ పని. పొద్దుగూకులూ దుప్పట్ల మీద పెట్టె తోసి తోసి, వేడి గుడ్డ వాసన, గంజి వాసన ఒంటికి పట్టేశాయి. ఎంత రుద్దుకున్నా పోవు. ఆ వాసనంటే ఆవిడకి ఏనాడూ గిట్టలేదు. పువ్వుల నూనె సీసా కొన్నది అందుకే. ఆ మాటే ఇంట్లో వదినతో అంటే వదిన నమ్మితేగా.

రేవు మెట్ల పక్కన చెక్క గదిలో కూర్చుని టికెట్లు చింపే ముసలాయన అందరికీ బాబాయే. ఆయన ముక్కు సామాన్యమైంది కాదు. మూత తియ్యకుండానే ఎవరి డబ్బాలో ఏముందో చెప్పేస్తాడు. "ఇవాళ చేప వేయించావు కదూ? ఒకవైపు మాడ్చావు కూడా," అని ముందున్న ఆసుపత్రి ఆయాని ఏడిపించి, ఇస్త్రీ ఆవిడ కిటికీ దగ్గరికి రాగానే కళ్లు పెద్దవి చేశాడు.

"అమ్మాయ్, కొత్త నూనె! ఏంటి సంగతి?"

"సంగతేం లేదు బాబాయ్. పాత సీసా అయిపోయింది."

"అయిపోతే మళ్లీ అదే కొంటారు. కొత్తది కొన్నావంటే సంగతి ఉన్నట్టే."

ఆవిడ టికెట్టు లాక్కుని గబగబా మెట్లు దిగింది. సరంగు రెండు చేతులా మూత ఎత్తి పట్టుకున్నాడు. ఆవిడ వంగింది. వంగితే తల అతని మోచేతికి ఇంచుమించు తగిలేంత దగ్గర. కావాలనే కాస్త ఆలస్యంగా లేచింది.

"ఏమన్నా ఉందా?"

"లేదు."

"అడుగున కూడా లేదా? సరిగ్గా చూశారా?"

"అడుగున గ్రీజు, మురుగు నీళ్లు. పెట్రోలు లేదు."

నెత్తిమీది మూట దించినవాడిలా ఊపిరి వదిలాడు. ఆవిడ ఇంకా నిలబడే ఉంది. ఏదో ఒక మాట అంటాడేమో, బాగుందనకపోయినా కనీసం ఇదేం వాసనండీ అని విసుక్కుంటాడేమో అని చూసింది. అతను తాళం తిప్పాడు. ఇంజను దగ్గి అందుకుంది.

*

సాయంత్రం తిరుగు లాంచీలో ఆయా చేతిసంచీలోంచి ఫినాయిలు సీసా జారి, సరిగ్గా సరంగు కూర్చునే పీట దగ్గరే భళ్లుమంది. తెల్లటి నీళ్లు చెక్కల మీద పారాయి. జనం ముక్కులు మూసుకుని, ఆయాని నానా మాటలూ అంటూ వెనక్కి జరిగారు. ఆయా గాజుపెంకులు ఏరుకుని తనూ వెనక్కి పరిగెత్తింది. చంటిపిల్లని ఎత్తుకున్న ఒకామె ఏకంగా లాంచీ అంచుకి వెళ్లి తల బయట పెట్టింది.

సరంగు చుక్కాని పట్టుకుని ఎదురుగా నది వంక చూస్తూ నిలబడ్డాడు. ఇంజను హోరులో వెనకాల గోల అతనికి వినపడలేదు. జేబులోంచి బిస్కెట్టు తీసి నిదానంగా కొరికాడు, నమిలాడు, ఇంకొకటి తీశాడు. కాళ్ల కింద ఫినాయిలు మడుగు కట్టింది.

ఇవతలి రేవులో లాంచీ కట్టాక అతను దిగబోతూ తడి తొక్కాడు. "ఇక్కడ నీళ్లు ఒలకబోసిందెవరండీ? ఎవరన్నా జారిపడితే?" అన్నాడు.

అందరూ గొల్లున నవ్వారు, హాస్యమాడాడనుకుని. ఇస్త్రీ ఆవిడ నవ్వలేదు. ఆవిడ అతని మొహమే చూస్తోంది. ఆ మొహంలో హాస్యం లేదు. అతను జనం వంక చూశాడు, మూసుకున్న ముక్కుల వంక చూశాడు. ఒక్క క్షణం అతని కళ్లలో భయం కదిలింది. వెంటనే చెయ్యెత్తి, తనూ ముక్కు మూసుకున్నాడు.

అంతే. ఆ చెయ్యి లేచిన తీరులోనే ఆవిడకి మొత్తం అర్థమైపోయింది. ఇతనికి వాసనే తెలియదు. ఆమధ్య ఒళ్లు తెలియని జ్వరంతో చాన్నాళ్లు మంచం పట్టి లేచాడు. పిలుపులు మొదలైంది ఆ తర్వాతే. ఎత్తిపట్టిన మూత, సరిగ్గా చూశారా అన్న ప్రశ్న, ఆ ఊపిరి వదలడం, అన్నీ వరసగా కళ్ల ముందు తిరిగాయి. అతను పిలిచింది తనని కాదు, తన ముక్కుని. ఆ ముక్కు వెనకాల ఏ మనిషి ఉన్నా అతనికి ఒకటే.

గబగబా మెట్లెక్కింది. సిగ్గుతో చెవులు మండిపోయాయి. చిన్నపిల్లలా నూనె రాసుకుని వెళ్లింది చూడు, వాసన తెలియని మనిషి దగ్గరికి!

*

ఇంటికి వస్తూనే సబ్బు పెట్టి తల రుద్దుకుంది. అది చాలక మళ్లీ రుద్దుకుంది. వదిన వంటింట్లోంచి తొంగిచూసింది.

"ఏమే, నూనె ముచ్చట అప్పుడే తీరిపోయిందా?"

"తలనొప్పి వస్తోంది వదినా."

"నూనె వల్లా, మనిషి వల్లా?"

ఆవిడ చేట అందుకుంది. బియ్యం ఏరడానికి కూర్చుంది. కాసేపటికి వదిన వచ్చి ఆ చేట మెల్లగా లాక్కుంది. "రాళ్లు ఉంచి బియ్యం పారేస్తున్నావు. లే, వెళ్లి పడుకో," అంది, ఈసారి వేళాకోళం లేకుండా.

మర్నాడు ఆవిడ కావాలనే ఆలస్యంగా బయల్దేరి రెండో లాంచీ ఎక్కింది. రేవులో మొదటి లాంచీ ఇంకా కట్టేసి ఉన్నా అటు తల తిప్పలేదు. ఈ రెండోది డీజిలుది. ఫ్యానూ లేదు, మూతా లేదు, ఎవరినీ ఎవరూ పిలవరు. ఎక్కడం, కూర్చోవడం, దిగడం. నది మాత్రం అదే నది. కానీ ఆ దారి అంత పొడుగని ఆవిడకి అంతవరకూ తెలియదు. ఆలస్యమైనందుకు ఇస్త్రీ గది మేస్త్రీ చివాట్లు పెడితే, నిజానికి ఆవిడకి కాస్త హాయిగానే అనిపించింది. వేరే ఎవరి మీదో రావాల్సిన ఏడుపు మేస్త్రీ మీదికి మళ్లించి, పెట్టెని దుప్పటి మీద టకటకా తోసింది.

"మొదటి లాంచీ ఇవాళ ఎందుకు కదల్లేదో తెలిసిందా?" అంది దుప్పట్లు మోసుకొచ్చిన ఆయా. "సరంగుకి ఏం పట్టిందో, ఫ్యాను వేసినవాడు వేసినట్టే ఉంచాడు. ఇంకాసేపు, ఇంకాసేపు అంటాడు. తిరిగి తిరిగి బ్యాటరీ కాస్తా దిగిపోయింది. తీరా తాళం తిప్పితే ఇంజను కిక్కురుమనలేదు."

ఆవిడ పెట్టె దుప్పటి మీద అలాగే ఆగిపోయింది. పొగ లేస్తే తప్ప చూసుకోలేదు. మడత మీద గోధుమరంగు మచ్చ పడింది.

ఎవరి ముక్కో అరువు తెచ్చుకోవచ్చుగా, అనుకుంది కసిగా. రేవు నిండా ముక్కులే. ఎవరినైనా అడిగితే గుట్టు బయటపడుతుందని, గుట్టు బయటపడితే లాంచీ పోతుందని ఆవిడకీ తెలుసు. తెలిసీ కసి తగ్గలేదు. రాత్రి పడుకున్నాక మాత్రం చెవుల్లో ఫ్యాను చప్పుడు. మూత ఎత్తి పట్టుకున్న ఆ చేతులు, వాటి మీది గ్రీజు మరకలు. ఇంత తెలిశాక కూడా ఆ చేతులు చూడాలని ఉందే అని ఆవిడకి తన మీద తనకే జాలేసింది.

ఆ మర్నాడూ అదే కథ. లాంచీల మేనేజరే స్వయంగా వచ్చి కేకలేశాడని, సాయంత్రం మెకానిక్కుని పిలిపించి కొత్త బ్యాటరీ పెట్టించాడని ఆయా చెప్పింది.

*

తర్వాతి రోజు సన్నగా తుంపర పడుతోంది. ఆవిడ రెండో లాంచీ వేళకి రేవుకి వచ్చేసరికి మొదటి లాంచీ ఇంకా కట్టేసే ఉంది. మెట్ల నిండా జనం. ఫ్యాను బొయ్యిమని తిరుగుతోంది. ఇంజను మూత దగ్గర సరంగు, అతని ఎదురుగా గొడుగు పట్టుకుని మేనేజరు.

"ఫ్యాను తిరుగుతోంది, నా చెవులకి వినపడుతూనే ఉంది. ఇంకా ఎవరి కోసమయ్యా చూస్తున్నావు?"

"ఇంకాసేపు సార్."

"నిన్నా అదే మాట, మొన్నా అదే మాట. ఇంతమంది పనులకి పోవాలి, నా పీక పట్టుకుంటున్నారు. వాసన వస్తోందా లేదా? ఒక్క ముక్కలో చెప్పు."

సరంగు మోకాళ్ల మీద వంగాడు. తల లోపలికి పెట్టి చాలాసేపు ఉన్నాడు. లేచి చేతులు తుడుచుకున్నాడు. లేదు సార్ అంటే చాలు. ఆ ఒక్క మాటతో మేనేజరు గొడుగు మడిచి వెళ్లిపోతాడు, అతని లాంచీ అతనికి ఉంటుంది. అతను ఆ మాట అనలేదు. తల తిప్పి చెక్క గది వైపు చూశాడు. బాబాయి తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఎర్రబడ్డ కళ్లతో తుమ్ముతున్నాడు. అంతటి ముక్కూ జలుబుతో మూతపడింది.

అప్పుడు సరంగు ఆవిడని చూశాడు. జనం మధ్యలోంచి సూటిగా చూశాడు. పిలుస్తాడనుకుంది. పిలిస్తే వెళ్లకూడదని గట్టిగా అనుకుంది కూడా. అతను పిలవలేదు. కళ్లు దించుకున్నాడు.

పిలిచి ఉంటే వెళ్లేది కాదేమో. ఆవిడకి ఒక్కసారి ఏడుపు ముంచుకొచ్చింది. పక్కనే ఆయా డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. ఆ పక్కన చంటిపిల్ల తల్లి, పిల్ల నెత్తిన రుమాలు కప్పి. వీళ్లంతా కాసేపట్లో ఆ చెక్కల మీద కూర్చుంటారు. ఒట్టి ముక్కయితేనేం, ముక్కుగానే వెళ్తాను, అనుకుంది. "కొంచెం దారివ్వండి," అంటూ జనాన్ని తోసుకుని మెట్లు దిగింది. మేనేజరు ఏదో అనబోయాడు. ఆవిడ ఆయన వంక చూడనైనా చూడలేదు. సరంగు మూత ఇంకాస్త పైకి ఎత్తాడు.

తల లోపలికి పెట్టగానే పెట్రోలు మొహాన కొట్టింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, గొంతు పట్టేసింది.

"వద్దు! తాళం ముట్టుకోవద్దు!"

"ఫ్యాను తిరుగుతోందిగా?" అన్నాడు మేనేజరు.

"తిరుగుతోంది సార్. పెట్రోలు మాత్రం నిండా ఉంది."

సరంగు నిజమా అని అడగలేదు. ఇంకోసారి చూడమనలేదు. "అందరూ పైకి! మెట్లెక్కెయ్యండి! సిగరెట్లు ఆర్పండి!" అని అతను అరిచిన అరుపు అవతలి గట్టుకి వినపడి ఉంటుంది. మేనేజరు కంగారుగా ఫ్యాను మీట వైపు చెయ్యి చాపితే ఆ మణికట్టు పట్టేసుకున్నాడు. "వద్దు సార్. వేసినా నిప్పురవ్వే, ఆపినా నిప్పురవ్వే. మీరు పైకి వెళ్లండి." ఆయన్ని, ఆవిడని అడ్డపలక మీదికి పంపి, ఉన్న మూతలన్నీ ఒక్కొక్కటే చప్పుడు కాకుండా ఎత్తి పక్కన పెట్టి, ఆఖరున తను దిగాడు. అతను దిగేదాకా ఆవిడ ఊపిరి పీల్చలేదు.

నది గాలి తన పని తను చేసుకునేసరికి చాలాసేపు పట్టింది. తర్వాత మెకానిక్కు లోపలికి దిగి చూసి పాలిపోయిన మొహంతో పైకి వచ్చాడు. నిన్న సాయంత్రం కొత్త బ్యాటరీ ఇరికించేటప్పుడు మోచెయ్యి తగిలి ఫ్యాను గొట్టం ఊడిపోయింది. పెట్రోలు పైపు బిగింపు కూడా వదులైంది. పొద్దుట్నుంచీ ఫ్యాను పైనున్న మంచి గాలినే లాగి బయటికి ఊదుతోంది. అడుగున ఆవిరి ఉన్నది ఉన్నట్టే ఉంది.

మేనేజరు చేతిరుమాలుతో మొహం తుడుచుకుని సరంగు వైపు తిరిగాడు. గొంతులో కోపం లేదు, వణుకు ఉంది.

"నువ్వూ వంగి చూశావు కదయ్యా. నీకెందుకు తెలియలేదు?"

జలుబు చేసింది సార్ అని తనే చెప్పేద్దామని ఆవిడ నోరు తెరిచింది. ఈలోగా అతనే అన్నాడు.

"నాకు వాసన తెలియదు సార్. ఆ జ్వరం వచ్చి తగ్గినప్పట్నుంచీ."

మేనేజరు గొడుగు దించి అతని వంక చూశాడు.

"మరి ఇన్నాళ్లూ?"

"ఈవిడ చూసేవారు."

నలుగురిలో ఆ మాట వింటుంటే ఆవిడకి ఏమనిపించాలో తెలియలేదు. నిజం చెప్పాడని సంతోషించాలా? తను అనుకున్నదే నిజమైందని ఏడవాలా? అవతలికి ఒకసారి వెళ్లొచ్చిన రెండో లాంచీ మళ్లీ కూత వేసింది. ఆవిడ వెనక్కి చూడకుండా వెళ్లి ఎక్కేసింది.

*

మర్నాడు మొదటి లాంచీకే వచ్చింది. రోజూ ఆలస్యమైతే మేస్త్రీ ఊరుకోడని తనకి తనే నచ్చజెప్పుకుంది. లాంచీలో కొత్త సరంగు ఉన్నాడు, బొద్దుగా, హుషారుగా. ఈల వేసుకుంటూ ఫ్యాను వేశాడు. ఆవిడకి గుండెలో ఏదో జారినట్టయింది. తెలిసిన సంగతే. అయినా జారింది.

బాబాయికి జలుబు వదిలింది. టికెట్టు చింపుతూ గాలి పీల్చాడు.

"నూనె మానేశావేం?"

"పడలేదు బాబాయ్. ఆ మనిషిని పనిలోంచి తీసేశారా?"

"ఏ మనిషిని?" అని కాసేపు ఏడిపించి, ఆవిడ మొహం చూసి తగ్గాడు. "తియ్యలేదు. అవతలి గట్టున లాంచీలు బాగుచేసే షెడ్డుకి మార్చారు. చెక్క పని, రంగుల పని. చుక్కాని మాత్రం ఇక లేదు."

"నా వల్లే. నేను రాకపోబట్టే ఇంత అయింది. ఎవరినో ఒకరిని చూడమనొచ్చుగా? నిన్నైనా అడగొచ్చుగా, ఇంత దగ్గర్లో ఉన్నావు."

"నన్నా?" బాబాయి టికెట్ల కట్ట పక్కన పెట్టేశాడు. "జ్వరం తగ్గి వచ్చిన రోజే వాడు నాకు చెప్పుకున్నాడే పిచ్చిదానా. మొదట్లో చూసింది నేనే. జనం రేవుకి రాకముందే ఈ మోకాళ్లతో రోజూ ఆ మూత దగ్గర వంగి లేచేవాణ్ణి. ఒకరోజు వచ్చి, బాబాయ్, నీ మోకాళ్లకి శ్రమ ఎందుకు, రేపట్నుంచి ఆ ఇస్త్రీ ఆవిడని అడుగుతాలే అన్నాడు. నా మోకాళ్ల మీద నీకింత ప్రేమ ఎప్పుడు పుట్టిందిరా అన్నాను. చెవుల దాకా ఎర్రబడ్డాడు వెధవ. మొన్న నువ్వు రాకపోతే మళ్లీ నా దగ్గరికే పరిగెత్తుకొచ్చాడు. సమయానికి ఈ దిక్కుమాలిన జలుబు."

ఆవిడ కిటికీ పలక పట్టుకుని నిలబడిపోయింది. చెక్క గది నుంచి లాంచీకి నాలుగడుగులు కూడా లేవు. ఊళ్లో వాళ్లందరి డబ్బాల సంగతీ చెప్పే ఆ ముక్కు, అతని గుట్టు తెలిసిన ఆ ముక్కు, ఇన్నాళ్లూ అక్కడే కూర్చుని ఉంది. అంటే ముక్కే కావాలనుకుంటే అతనికి కరువేమీ లేదు.

"నాకెందుకు చెప్పలేదు బాబాయ్?"

"నేనెందుకు చెప్తాను? చెప్పాల్సినవాడు అదిగో, ఇందాకట్నుంచీ ఆ మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. వెళ్లు, వెనకాల జనం ఉన్నారు."

అతను అందరిలాగే టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని, అందరిలాగే టికెట్టు చేత్తో పట్టుకుని, కిందికి, లాంచీ వైపు చూస్తున్నాడు. ఆవిడని చూసి పక్కకి జరిగాడు. ఆవిడ కూర్చుంది. ఇద్దరి డబ్బాలూ మధ్యలో పెట్టారు. కింద ఫ్యాను బొయ్యిమంటోంది. ఇన్నాళ్లలో ఆ చప్పుడు వింటూ, వాసన సంగతి మాట్లాడకుండా పక్కపక్కన ఉండడం ఇదే మొదటిసారి.

"మీకు ముందే చెప్పాల్సింది," అన్నాడు. "చెప్తే జాలిపడి వస్తారేమోనని భయం. జాలిపడి రావడం నాకిష్టం లేదు."

"జాలిపడి రాలేదు," అంది ఆవిడ. అంతకన్నా ఎక్కువ చెప్పేసినట్టు అనిపించి తల తిప్పుకుంది.

అతను టికెట్టు మడతపెట్టాడు, విప్పాడు, మళ్లీ మడతపెట్టాడు.

"ఒకటి అడగొచ్చా?"

"అడగండి."

"జ్వరం రాకముందు మీరు లాంచీ ఎక్కితే నాకు వెనక్కి తిరిగి చూడక్కర్లేకుండానే తెలిసేది. అప్పుడే ఇస్త్రీ చేసిన బట్ట మడత విప్పితే వస్తుంది చూడండి, ఆ వాసన. అది వచ్చిందంటే మీరు ఎక్కినట్టే. అప్పుడు తాడు విప్పమనేవాణ్ణి. ఇప్పుడు దాన్ని గుర్తు తెచ్చుకుందామని చూస్తుంటాను. ఒక్కోసారి దొరుకుతుంది, ఒక్కోసారి ఎంత వెతికినా దొరకదు." అతను తన అరచేతుల వంక చూసుకున్నాడు. "ఇప్పటికీ అదే వాసనేనా? ఏమన్నా మారిందా?"

ఆవిడ చెయ్యి మొహం దగ్గరికి తెచ్చుకుని, మణికట్టు దగ్గర, ఎవరూ చూడకుండా ఒకసారి వాసన చూసుకుంది. ఇన్నేళ్లూ సబ్బులు పెట్టి వదిలించుకోవాలని చూసిన వాసన, ఎక్కడికీ పోకుండా అక్కడే ఉంది.

"అదే," అంది. "ఏమీ మారలేదు."

కింద కొత్త సరంగు మూత ఎత్తి, వంగి చూసి, రమ్మని చెయ్యి ఊపాడు. జనం డబ్బాలు అందుకుని బిలబిలమంటూ దిగారు. ఆవిడ లేవలేదు. అతనూ లేవలేదు. కొత్త సరంగు మళ్లీ కేకేస్తే అప్పుడు చూసుకోవచ్చులే అన్నట్టు ఇద్దరూ ఇంకాసేపు అలాగే కూర్చున్నారు.